డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం, కేప్‌టౌన్: కాళ్ల కింది పటమే అసలు చూడాల్సింది

కేప్‌టౌన్ వెళ్లిన మనవాళ్లు టేబుల్ మౌంటెన్ ఎక్కి, రాబెన్ ఐలాండ్ చూసి తిరిగొచ్చేస్తారు. ఒక పూట మిగిలితే బైటెన్‌కాంట్ వీధిలో 25ఏ నంబరున్న పాత మెథడిస్టు చర్చికి వెళ్లండి. చిన్న మ్యూజియమే. గంటలో చుట్టేయొచ్చు, కానీ గంటలో అర్థం కాదు. ఆదివారం తలుపులు తీయరు.

టికెట్టు రెండు రకాలు: మామూలు ప్రవేశం, గైడుతో కలిపి. రెండోదే తీసుకోండి, అందులో బేరం వద్దు. ఒకప్పుడు ఊరి నడిబొడ్డున ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటలో ఇల్లుండి, ఖాళీ చేయించబడ్డ మనుషులే ఇక్కడ గైడులుగా చేస్తూ వచ్చారు. వాళ్లు పెద్దవాళ్లైపోతున్నారు కాబట్టి, ముందే అడిగి పాత నివాసి ఎవరైనా ఉన్న రోజు చూసుకుని వెళ్లండి.

1966 ఫిబ్రవరి 11న అప్పటి వర్ణవివక్ష ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్‌ను శ్వేతజాతివాళ్లకు మాత్రమే అని ప్రకటించింది. 1982 నాటికి అరవై వేల మందికి పైగా జనాన్ని ఊరి బయట, ఇసుక గాలి కొట్టే కేప్ ఫ్లాట్స్‌కు తరలించారు. ఇళ్లన్నీ బుల్‌డోజర్లతో పడగొట్టి, మసీదులు, చర్చిలు మాత్రం వదిలేశారు. జనం గట్టిగా ఎదురు తిరగడంతో చాలా భూమి బీడుగానే ఉండిపోయింది. ఒక పెద్ద ముక్కలో మాత్రం ప్రభుత్వం టెక్నికల్ కాలేజీ కట్టింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం. అది తిరిగిరాని భూమి.

హాల్లో అడుగుపెట్టగానే పైకి చూస్తారు. వీధి పేర్ల పలకలు నిలువుగా వేలాడుతుంటాయి. కూల్చివేత పనిలో ఉన్న ఒకాయన పారేయకుండా దాచిపెట్టినవి అవి. తరవాత కిందికి చూడండి. నేలంతా పరిచిన పేట పటం. వీధులు చేత్తో గీశారు, పైన పారదర్శకమైన పొర వేశారు. అందుకే చెప్పులతో తొక్కుతూ నడవొచ్చు. పాత నివాసులు వచ్చి, వంగి, తమ ఇల్లున్న చోట ఇంటిపేరు రాసుకున్నారు. ఒకే గుమ్మం దగ్గర రెండు మూడు పేర్లు కనిపిస్తాయి, ఎందుకంటే అద్దె ఇళ్లలో కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. 1994 డిసెంబరులో కొద్ది రోజుల ప్రదర్శనగా మొదలైంది ఇది. జనం రావడం ఆగలేదు, పటం తీయడం కుదరలేదు.

ఈ పటాన్ని జ్ఞాపకాల వస్తువుగానే చూసి వెళ్లిపోతే సగం పోయినట్టే. దక్షిణాఫ్రికా 1994 భూహక్కుల పునరుద్ధరణ చట్టం ప్రకారం, 1913 జూన్ 19 తరవాత జాతి వివక్ష చట్టాల వల్ల భూమి పోయినవాళ్లు 1998 డిసెంబరు 31లోగా క్లెయిము పెట్టుకోవాల్సి ఉండేది. యజమానులకే కాదు, అద్దెకున్నవాళ్లకూ హక్కుంది. వరసగా పదేళ్లు అనుభవంలో ఉన్నా లెక్కలోకి వస్తుంది. డిస్ట్రిక్ట్ సిక్స్‌లో ఎక్కువమంది అద్దెవాళ్లే. పట్టా కాగితం లేనివాడు పదేళ్లు ఉన్నానని ఎలా చూపిస్తాడు? అద్దె పుస్తకం, బడి రిజిస్టరు, బాప్టిజం పత్రం, పాత కవరు మీది చిరునామా. అవీ లేకపోతే పక్కింటివాళ్ల మాట. ఆ మాట నిలవాలంటే ముందు పక్కిల్లు ఎవరిదో అందరూ ఒప్పుకోవాలి. వీధి వీధినా జనమే పేర్లు రాసుకున్న పటం విలువ అక్కడ తెలుస్తుంది.

మన దగ్గర నిర్వాసితులతో ఇలాంటి పటం వేయించాలనుకునే సంఘాలకు ఒక సూచన. సర్వే నంబర్లతో మొదలుపెడితే ఎవరూ నోరు విప్పరు. ముందు బడి, మసీదు, సినిమా హాలు, మూలమీది కొట్టు గుర్తించండి. అక్కణ్నుంచి గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ జనమే తమ ఇంటికి చేరతారు. తగాదా వచ్చిన చోట చెరిపేయొద్దు, రెండు పేర్లూ ఉంచి తేదీ వేయండి. తొందరలో ఒకటి కొట్టేస్తే ఆ కుటుంబం మళ్లీ సమావేశానికి రాదు.

మ్యూజియానికి మంచి మార్కులు వేయొచ్చు. దాని చుట్టూ నడిచిన భూమి వాపసు సేవకు వేయలేం. మొదట నగర పాలకులు అదే పునరుద్ధరణ చట్టంలోని 34వ సెక్షన్ కింద, ప్రజాప్రయోజనం పేరు చెప్పి, భూమి వాపసు అవసరం లేదనిపించుకోవాలని చూశారు. జనం అడ్డుపడటంతో ఆ దరఖాస్తు వెనక్కి పోయింది. డర్బన్‌లోని కేటో మేనర్‌లోనూ నగరపాలక సంస్థ ఇదే సెక్షన్‌తో కోర్టుకెక్కింది. అక్కడ ఇళ్లూ తోటలూ పోగొట్టుకున్న భారతీయ సంతతిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

డిస్ట్రిక్ట్ సిక్స్‌లో రెండున్నర వేలకు పైగా క్లెయిములు వచ్చాయి. డబ్బు కావాలా, ఇల్లు కావాలా అన్నారు. చాలామంది అద్దెవాళ్లకు దక్కింది 17,500 రాండ్లు. ఇల్లు ఎప్పుడొస్తుందో తెలియకుండా ఎంచుకోమంటే పేదవాడు డబ్బే తీసుకుంటాడు. ఆ డబ్బు వారసుల మధ్య చీలిపోతుంది, ఊరి నడిబొడ్డు హక్కు శాశ్వతంగా పోతుంది. 2004 ఫిబ్రవరి 11న మండేలా ఎనభై దాటిన ఇద్దరు పాత నివాసులకు ఇంటి తాళాలిచ్చారు. తొలి విడతలో కట్టినవి 24 ఇళ్లు. 2018 నాటికి మొత్తం 139. భూమి నగరానిది, సొమ్ము కేంద్ర శాఖది, లబ్ధిదారుల జాబితా మీద సంఘాల మధ్యే పేచీ. ఎవరి బల్ల మీద ఫైలు ఆగిందో తేలదు. చివరికి క్లెయిముదారుల కమిటీ కోర్టుకెళితే, ప్రణాళిక ఇమ్మని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2019లో కోర్టు ఖర్చుల్లో కొంత భాగం సంబంధిత మంత్రే సొంతంగా భరించాలని కూడా తీర్పిచ్చింది. మూడో విడత 108 ఇళ్ల అప్పగింతలు ఆ తరవాతే మొదలయ్యాయి.

వచ్చింది పాత ఇల్లు కాదు, పాత వీధీ కాదు. కొత్త లేఅవుట్‌లో ఒక యూనిట్. ఈ కథంతా గోడమీది పలకల్లో వెతికితే దొరకదు, అక్షరాలు చిన్నవి, విషయం కిక్కిరిసి ఉంటుంది. గైడునే అడగాలి: డబ్బు తీసుకున్నవాళ్లు ఇప్పుడేమంటున్నారు, ఇంకా ఎంతమంది వరసలో ఉన్నారు అని.

బయటికొచ్చాక కారెక్కేయకండి. అసలు పేటకు నడక దూరమే. మ్యూర్ వీధి మసీదు, ఆస్పెలింగ్ వీధిలో అల్ అజహర్ మసీదు ఇంకా నిలబడి ఉన్నాయి, మొరావియన్ చర్చి విశ్వవిద్యాలయం ఆవరణలో చిక్కుకుపోయింది. అక్కడి ఎండాకాలంలో ఆగ్నేయ గాలి మనిషిని తోసేస్తుంది, టోపీ వద్దు. ఒంటరిగా, పొద్దుపోయాక వెళ్లొద్దు. ఫిబ్రవరి 11న ఊళ్లో ఉంటే పాత నివాసుల నడకలో కలవండి. పేటలోని రాళ్ల కుప్ప మీద తలా ఒక రాయి పెడతారు. 1901లో ప్లేగు పేరు చెప్పి ఆఫ్రికన్లను మొదట వెళ్లగొట్టింది ఈ పేటలోని హోర్స్ట్‌లీ వీధి నుంచే.