ఎఎంఎస్ కార్బన్ డేటింగ్ సర్వీసు: ±30 చూసి మురిసిపోకండి

బంగాళాఖాతం కోర్ల (సముద్రపు అడుగునుంచి గొట్టంతో తీసిన మట్టి పొరల) మీద పనిచేసే పాలమూరు, నల్లగొండ జియాలజీ విద్యార్థుల కోసం ఈ రివ్యూ. కొలతకు 5కు 5. ఎఎంఎస్ అంటే కాలంతో తరిగే కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే పద్ధతి; ఆ మెషీన్‌కు వంక పెట్టడానికి లేదు. మొత్తం సర్వీసుకు మాత్రం 3, ఎందుకంటే తప్పులు శాంపిల్ ల్యాబ్ గడప ఎక్కకముందో, రిపోర్టు చేతికొచ్చాకో జరుగుతాయి.

రిపోర్టులో 8,450±30 అని ఉంటే ఆ ముప్పై ఏండ్లు లెక్కింపులోని తేడా మాత్రమే. మట్టిలోంచి ఏరి పంపిన సూక్ష్మజీవుల పెంకులన్నీ ఒకే కాలానివా అన్నది అందులో ఉండదు. చెలకలో నాగలి తిప్పినట్టు, సముద్రపు అడుగున పురుగులు పైన సుమారు 10 సెంటీమీటర్ల మట్టిని కలియదున్నుతుంటాయి. వెయ్యేండ్లకు 2 సెంటీమీటర్లే పేరుకునే నడిసముద్రంలో ఆ 10 సెంటీమీటర్లంటే 5,000 ఏండ్ల పెంకులు ఒకే చెంచాలో ఉన్నట్టు. అందుకే కోర్ పైకొస కూడా సున్నా ఏండ్లు చూపదు. వేగంగా పేరుకున్న కోర్ ఉంటేనే డబ్బు పెట్టండి. మీరు ఏరే జాతి దండిగా ఉన్న పొరనే ఎంచుకోండి. తక్కువున్న పొరలోకి పక్క పొర పెంకులు చేరి వయసును తమవైపు లాగుతాయి.

మట్టిని మట్టిగా పంపొద్దు. కృష్ణ లాంటి నదులు నేలమీది పాత కార్బన్‌ను మోసుకుపోతాయి కాబట్టి సేంద్రియ పదార్థం ఉన్నదానికన్నా ముసలిదిగా తేలుతుంది. 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, 250–355 మైక్రాన్ల భాగంలోంచి గ్లోబిజెరినాయిడెస్ రూబర్ లాంటి పైనీటి ఫోరామ్‌లను (సున్నపు పెంకున్న ఏకకణ జీవులను) తడి కుంచెతో ఏరాలి. 10 మిల్లీగ్రాములకు వందల పెంకులు, ఒక్కోసారి వెయ్యి దాకా పడతాయి. మెడ పట్టేసే పని. కడగడానికి మన బోరు నీళ్లు వద్దే వద్దు. బిందెకు తెల్లగా పట్టే సున్నమే పెంకులకూ పడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి. పలుచని ఆమ్లంతో పైపొర ఎంత శాతం కరిగిస్తారో ల్యాబ్‌ను ముందే అడిగి రాయించుకోండి: కార్బన్-14 పూర్తిగా అడుగంటిన పెంకులో నేటి కార్బన్ 1 శాతం కలిసినా 37,000 ఏండ్లు చూపిస్తుంది. కోర్‌లో తోబా అగ్నిపర్వతపు బూడిద దొరికితే అదృష్టమే. అది సుమారు 74,000 ఏండ్లది. దాని కింది పెంకుకు 42,000 అని వస్తే అది వయసు కాదు, మురికి.

కాలిబ్రేషన్ (కార్బన్ వయసును క్యాలెండర్ ఏండ్లలోకి మార్చడం) దగ్గర ఇంకో గుంత. సముద్రపు నీటిలో కార్బన్ ముందే వందల ఏండ్లు పాతబడి ఉంటుంది. సముద్రపు శాంపిళ్ల కాలిబ్రేషన్ పట్టిక మెరైన్20 వాడుతూ, దానికి ముందరి పట్టిక మెరైన్13 నాటి డెల్టా ఆర్ (ఆ చోటి నీటికి చేసే సవరణ) అతికిస్తే సుమారు 150 ఏండ్లు తేడా కొడుతుంది.

ఒకే లోతు నుంచి రెండు జాతులను వేరువేరుగా పంపండి. వయసులు వెయ్యేండ్లు ఎడమైతే ఆ పొరను నమ్మలేం, మూడో శాంపిల్‌కు డబ్బు కట్టకండి.