పొద్దు గుంకితే పన్నెండు: తొమ్మిదేళ్లుగా నా జేబులో తుర్కీ గడియారం

లండన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, పోర్టోబెల్లో రోడ్డు శనివారం సంతలో దీన్ని కొన్నాను. 18వ శతాబ్దం చివర తుర్కుల ఆటోమన్ సామ్రాజ్యంలో అమ్మడానికి లండన్‌లోనే చేసిన వెండి జేబు గడియారం. జార్జ్ ప్రయర్ వంటి పనివారు ఇలాంటివి ఇస్తాంబుల్‌కు పంపేవారు. ఆ పేరుకు ఎంత గిరాకీ అంటే దానితో నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. అందుకే నేను డయలు మీది సంతకాన్ని నమ్మలేదు, డొప్ప లోపలి హాల్‌మార్కు చూసి కొన్నాను.

రోజూ కీ ఇవ్వడమే ఒక తతంగం. కుంకుమ భరిణెల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు డొప్పలు. పై రెండూ తీస్తేగానీ లోపలి డొప్ప వెనక ఉన్న తాళంచెవి రంధ్రం కనిపించదు. ముళ్లు తిప్పాలంటే మళ్లీ ముందువైపు అద్దం తెరవాలి. మొదట్లో విసుగు పుట్టేది, ఇప్పుడు తీరిగ్గా చేస్తాను. లోపలి యంత్రం మీద జల్లెడలా తొలిచిన నగిషీ రేకు ఉంటుంది. ఆ కాలపు ఇంగ్లీషు గడియారాల్లో దాని మీద తరచు ఒక ముఖం చెక్కేవారు. ముస్లిం కొనుగోలుదారుల కోసం చేసిన ఇందులో మాత్రం లతలూ పూలే.

ఆ రేకు కింద, స్ప్రింగు బలాన్ని చక్రాలకు అందించే గొలుసు, సేమ్యా పోగు కన్నా సన్నటిది. భూతద్దంలో చూస్తే అచ్చం సైకిలు చెయినే. 1790ల నుంచి ఇంగ్లండు దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్‌లో ఆడవాళ్లూ చిన్నపిల్లలూ ఇలాంటివి చేసేవారు. రెండో ఏడాది నా గొలుసు తెగింది. అంతకుముందు ఒక మరమ్మతుదారు మోతాదుకు మించిన బిగువున్న స్ప్రింగు వేశాడు. అతికించగలిగే మనిషి దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

ఇక అసలు సంగతి, సమయం. ఇది రోజుకు పది పన్నెండు నిమిషాలు ముందుకు పోతుంది. ఏడాదిపాటు తిట్టుకున్నాను. తప్పు నాదని తర్వాత తెలిసింది. ఆటోమన్ లెక్కలో పొద్దు గుంకినప్పుడు పన్నెండు, అక్కడి నుంచే కొత్త రోజు. సాయంత్రమయ్యాక గడియారం సరిచేసుకోవడం మామూలే. మసీదుల పక్కన మువక్కిత్‌ఖానా అనే సమయం చెప్పే గదులుండేవి. ఇస్తాంబుల్‌లో ఎండాకాలానికీ చలికాలానికీ సూర్యాస్తమయం సుమారు మూడు గంటలు జరుగుతుంది. ఎంత గొప్ప గడియారమైనా అక్కడ ముల్లు తిప్పక తప్పదు. అలాంటి చోట పది నిమిషాల తేడా ఒక లోపమా? (మన పంచాంగం రోజును సూర్యోదయంతో మొదలుపెడుతుంది, వాళ్లు రెండో కొస నుంచి పట్టుకున్నారు.) తుర్కియే 1926లో ఆ లెక్క వదిలేసింది, 1928లో ఈ డయలు మీదున్న అరబ్బీ లిపి అంకెలను కూడా.

హైదరాబాద్ వచ్చాక నేనూ అలాగే వాడుతున్నాను. పొద్దు గుంకాక మసీదు నుంచి నమాజు పిలుపు, మగ్రిబ్ అజాన్, వినపడగానే ముళ్లు పన్నెండుకు తెస్తాను. ఆఫీసు వేళలకు ఫోను ఉంది.

అంకెలు అలవాటవడానికి నెల పట్టింది. ఏడు పైకి తెరిచిన ఇంగ్లీషు V ఆకారం, ఎనిమిది దాన్ని బోర్లిస్తే వచ్చేది. చీకట్లో గడియారం తలకిందులుగా పట్టుకుంటే రెండూ తారుమారే. ఒకసారి అలాగే మోసపోయి గంట ముందే లేచి కూర్చున్నాను.

కొనాలనుకునేవారికి ఒక మాట: తాబేలు చిప్ప తొడుగున్నవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ అంతర్జాతీయ వన్యప్రాణి నిబంధనల వల్ల వాటిని దేశం దాటించడం పెద్ద తలనొప్పి. నాలా పూర్తి వెండిదే చూడండి. బరువు మాత్రం భరించాలి. నా లాల్చీల కుడి జేబులన్నీ సాగి వేలాడుతున్నాయి.