62 వేల గేమింగ్ ల్యాప్‌టాప్‌తో మూడున్నరేళ్లు

2021 దసరా సేల్‌లో కొన్నాను. బ్యాంకు కార్డు ఆఫర్ పోను 62 వేలు పడింది. రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, గేముల్లో బొమ్మలు గీసే ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ స్క్రీన్. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పల్లో చాలావరకు ఆ ధరలో వేరేది కొన్న స్నేహితులూ పడ్డారు.

కొనేముందు నెల రోజులు వీడియోలు చూశాను కానీ నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే: 3050 ఉందా, లేదా? ఇప్పుడైతే ఆ ప్రశ్న నాలుగోదిగానో ఐదోదిగానో అడుగుతాను.

ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో వచ్చే 3050 అంతా ఒకటి కాదు. ఆ కార్డుకు దాని కంపెనీ ఎన్విడియా పెట్టిన పరిధే 35 నుంచి 80 వాట్లు. ఎంత కరెంటు ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. నాజూకుగా సన్నగా ఉండేదాంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి తక్కువ ఇస్తారు. లావుగా, బరువుగా ఉండేదాంట్లో దండిగా ఇస్తారు. పైన అతికించే స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఒకటే. నాది 75 వాట్లది. తెలిసి కొన్నానని గొప్పలు చెప్పుకోను, అలా కుదిరిందంతే. మా రూమ్మేట్ నాకంటే 10 వేలు ఎక్కువ పెట్టి అదే కార్డున్న సన్నటిది తెచ్చాడు. ఓ ఆదివారం పక్కపక్కన పెట్టుకుని ఒకే సెట్టింగ్స్‌తో జీటీఏ 5 ఆడాం. నాది సెకనుకు 85 ఫ్రేములు, అంటే 85 బొమ్మలు ఇస్తుంటే వాడిది 60 దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం దాకా వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నా మొదటి తలనొప్పి కార్డుతో కాదు, ర్యామ్‌తో. 8 జీబీ, అదీ ఒకే స్టిక్. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతుంటే ఎదుటివాడు మూల తిరిగి కనపడే సరిగ్గా ఆ క్షణంలోనే బొమ్మ అర సెకను బిగుసుకుపోయేది. కదిలేసరికి నేను చచ్చి పడుంటాను. నెట్ ప్రాబ్లం అనుకుని రెండు నెలలు కనెక్షన్ ఇచ్చిన అతని ప్రాణం తీశాను, పాపం. ఒకరోజు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ర్యామ్ 94 శాతం నిండి ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఇంకో 8 జీబీ స్టిక్ 2,600కి తెచ్చుకున్నాను. కింద పదకొండు స్క్రూలు విప్పి, పాత ఏటీఎం కార్డును అంచులో దూర్చి మూత లేపి, స్లాట్‌లో నొక్కాను. ‘టక్’ మన్నాక గానీ గుండె కుదుటపడలేదు. ఆ రోజుతో కుదుపులు పోయాయి. చోటు పెరిగింది, పైగా రెండు స్టిక్కులుంటే మెమరీకి రెండు దారులవుతాయి. అందుకే ఇప్పుడెవరైనా అడిగితే ముందు చూడమనేది రెండో ర్యామ్ స్లాట్. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అంటించి ఉంటుంది, తర్వాత ఏడ్చినా లాభం లేదు.

ఇక వేడి. అప్పట్లో నేనుండేది కూకట్‌పల్లిలో ఓ పెంట్‌హౌస్. పేరు గొప్ప గానీ మేడ మీద రేకుల గది. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చున్నా ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటేది. గేమ్‌లో మనిషిని నడిపించే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీల మీద వేళ్లు ఆనిస్తే టీ గ్లాసు పట్టుకున్నట్టు ఉండేది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ల మోత ఫోన్‌లో విని మా అమ్మ, “మిక్సీ ఆపి మాట్లాడరా” అంది. కూలింగ్ ప్యాడ్ 1,200 పెట్టి కొన్నాను, మూడు నాలుగు డిగ్రీలకు మించి తగ్గలేదు. నాలుగు పుస్తకాలు పెట్టి వెనకభాగం ఎత్తినా దాదాపు అంతే తగ్గింది.

నిజంగా పనిచేసింది పైసా ఖర్చులేని చిట్కా. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం ఉంటుంది, దాన్ని 99 చేయాలి. అంతే, బూస్ట్ ఆగిపోతుంది. 4.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరే ప్రాసెసర్ 3.3 దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. నా దాంట్లో 95 ఉన్నది 76కి దిగింది. వాలరెంట్‌లో ఫ్రేములు కొన్ని తగ్గాయి. కార్డు మీదే బరువు పడే పెద్ద గేముల్లో తేడా కంటికి ఆనలేదు. రెండేళ్లకోసారి దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడిని లాగే థర్మల్ పేస్ట్ మార్పించాలి. నేను మొదటిసారి విప్పించినప్పుడు ఫ్యాన్ వెనక జాలీకి దుమ్ము దూదిలా పట్టేసి ఉంది.

కార్డుకున్న 4 జీబీ మెమరీ మొదట్లో చాలనిపించింది. ఎల్డెన్ రింగ్ మీడియం సెట్టింగ్స్‌లో ఆడి పూర్తిచేశాను. సైబర్‌పంక్‌కు డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మను చిన్నగా గీసి ఏఐతో పెద్దది చేసే సౌకర్యం) పెట్టుకుంటే 45 ఫ్రేములకు అటూ ఇటూ వచ్చేది. 2023లో హాగ్‌వార్ట్స్ లెగసీ వేసుకున్నాక అసలు రంగు తెలిసింది. కోటలో పరిగెడుతుంటే గోడల మీది రాళ్లు మైనం ముద్దల్లా కనపడేవి, నేను ఆగి నిలబడితే మెల్లగా రాళ్లయ్యేవి. ప్రాసెసర్‌కు ఇంకా ఓపికుంది, కార్డుకు లేదు. ర్యామ్ పెంచుకోవచ్చు, కార్డు మెమరీ పెంచుకోలేం. కొత్తది కొనేవాళ్లు కాస్త అప్పు చేసైనా సరే కనీసం 6 జీబీ ఉన్న కార్డు వైపు వెళ్లడమే మేలు.

స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 144 హెర్ట్జ్ నిజమే, కానీ రంగులు వెలిసిపోయిన చీరలా ఉంటాయి. రక్తం కూడా ఇటుక రంగులో కనిపిస్తుంది. సినిమాలకు పాత మానిటర్‌కి తగిలించుకుంటాను. బ్యాటరీ మీద గేమ్ ఆడటం అనేది మర్చిపోండి.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. నా ఛార్జర్‌కు పెద్ద పిన్ ప్లగ్ వచ్చింది, గీజర్‌కూ ఏసీకీ ఉంటుంది చూడండి, అది. గదిలో అలాంటి సాకెట్ ఒక్కటే, బాత్రూం తలుపు పక్కన. నా గేమింగ్ జీవితంలో మొదటి వారం బాత్రూం గుమ్మంలో గడిచింది. తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో బల్ల దగ్గర ఇంకో సాకెట్ పెట్టించుకున్నాను.

రెండో ఏడాది చివర్లో స్క్రీన్ తెరుచుకునే కీలు, అదే ఎడమ హింజ్ దగ్గర పగులు వచ్చింది. అప్పటికి వారంటీ లేదు. సర్వీస్ సెంటర్‌లో పై భాగమంతా మార్చాలి, 9,500 అన్నారు. ఓ చిన్న రిపేరు షాపులో చూపిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “తమ్ముడూ, రోజూ ఈ మూల పట్టుకునే లేపుతావు కదా?” అన్నాడు. దొరికిపోయాను. ఏదో గట్టి జిగురు వేసి, రెండు బుల్లి బోల్టులు బిగించి 700 తీసుకున్నాడు. బోల్టు తలలు బయటికి కనపడతాయి, కానీ నేటికీ చెక్కుచెదరలేదు. అప్పట్నుంచి మధ్యలో పట్టుకుని తెరుస్తున్నాను.

మొన్న మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్‌లో చేరుతూ సలహా అడిగితే ఇదంతా గంటసేపు చెప్పాను. అన్నీ విని, కీబోర్డులో రంగురంగుల లైట్లు వెలుగుతున్నాయని 2050 కార్డుది కొనుక్కున్నాడు. 4 జీబీయే, మెమరీ దారి 3050లో ఉన్నదాంట్లో సగం. నేనేమీ అనలేదు. నిన్న రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు, వెనక మిక్సీ మోత.

“అన్నా, ఆ 99 శాతం సెట్టింగ్ ఎక్కడుంటుందన్నావ్?”