ఒక టండ్రా గిన్నె, ఒక వాన అడవి సీసా: నర్సరీ వర్క్‌షాప్ రివ్యూ

మియాపూర్ వైపు ఒక నర్సరీలో ఆదివారం పొద్దున పెట్టే టెర్రేరియం (గాజు పాత్రలో చిన్న తోట పెంచడం) వర్క్‌షాప్‌కి మా పాపను తీసుకెళ్ళాను. ఆరో తరగతి చదువుతోంది. మనిషికి 900 రూపాయలు, మూడు గంటలు, చేసిన రెండు గాజు పాత్రలు మనవే. ఐదుకి నాలుగు ఇస్తున్నా.

నేర్పించిన మేడమ్‌కి విషయం మీద పట్టుంది, మొక్కలంటే ప్రాణం కూడా. మంచు ప్రాంతంలో నీళ్ళకేం కొదవ అని పిల్లలందరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నా. కానీ ఆర్కిటిక్ టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ చెట్లు పెరగని చలి నేలల్లో, ఏడాదికి వానా మంచూ కలిపినా చాలాచోట్ల 250 మిల్లీమీటర్లు దాటదట, మన హైదరాబాద్‌లో 800 దాకా పడుతుంది! అయినా ఎండాకాలంలో అక్కడ నేలంతా చిత్తడే. ఎందుకో చూపించడానికి ఆవిడ గిన్నెలో అడుగున ప్లాస్టిక్ షీట్ పరిచి, పైన రెండంగుళాల మట్టి వేసి నీళ్ళు పోయించారు. నీళ్ళు దిగలేదు, పైనే నిలిచాయి. పర్మాఫ్రాస్ట్ చేసేది అదే, కింద నేల ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉంటే నీళ్ళకీ దారుండదు, వేళ్ళకీ దారుండదు, పైన గాలి కోత ఒకటి, అందుకే ఆర్కిటిక్ విల్లో అనే పొద లాంటిది కూడా నేలకు అతుక్కుని జానెడు ఎత్తు లోపే ఉండిపోతుంది. పుస్తకంలో పది సార్లు చదివినా పాపకి ఇంతలా ఎక్కేది కాదు.

వాన అడవి సీసాలో ఫిట్టోనియా, చిన్న ఫిలోడెండ్రాన్ పెట్టించారు. ఏటా 2000 మిల్లీమీటర్ల పైన వాన పడే చోట ఆకు మీద నీళ్ళు నిలిస్తే బూజు పడుతుంది, అందుకే చాలా ఆకులకు కొస తోకలా సాగి ఉంటుంది అని చెప్పి, బయట ఉన్న రావి ఆకు తెంపి చూపించారు. నాకు బాగా నచ్చింది మట్టి గురించి చెప్పిన మాట. అంత పచ్చటి అడవి కింద నేల చాలాచోట్ల పేదదే, రాలిన ఆకు వేడికీ తేమకీ ఇట్టే కుళ్ళిపోతుంది, ఆ సారాన్ని వేళ్ళు వెంటనే లాగేసుకుంటాయి. టండ్రాలో చలికి ఏదీ తొందరగా కుళ్ళదు, వేల ఏళ్ళ నాటి ఆకూ అలమూ నేలలోనే ఉండిపోతుంది. అంటార్కిటికాలో 1500 ఏళ్ళు గడ్డకట్టి ఉన్న నాచు మళ్ళీ చిగురించిందని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారని చెప్తే పిల్లలు నోళ్ళు తెరిచారు.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, టండ్రా గిన్నె మీద "టండ్రా మాస్" అని లేబుల్ అంటించారు. అడిగితే అది వానాకాలంలో మన గోడల మీద పెరిగే నాచేనన్నారు. నమూనా అని రాస్తే సరిపోయేది, పిల్లలు నిజమనుకుంటారు. చేతికిచ్చిన కాగితంలో లైకెన్లను మొక్కల్లో కలిపేశారు, అవి శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవులు. అంటార్కిటికాలో సహజంగా పూసే మొక్కలు రెండే అన్నది మాత్రం సరిగ్గా రాశారు.

అన్నిటికన్నా ముఖ్యం, పాత్రలను నేరుగా ఎండలో పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు. మేం బాల్కనీలో పెడితే పది రోజుల్లో నాచు గోధుమరంగుకి తిరిగింది, పాప ఏడ్చినంత పని చేసింది. హాల్లోకి మార్చి రోజూ స్ప్రే చేస్తున్నాం, ఒక మూల పచ్చగా వస్తోంది. మీరు వెళ్తే ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలో, నీళ్ళు ఎన్ని రోజులకోసారి చల్లాలో అక్కడే అడిగి రాసుకోండి. చిన్న పిల్లలకు మూడు గంటలు ఎక్కువ, పదేళ్ళు దాటినవాళ్ళైతే తప్పకుండా తీసుకెళ్ళండి.