వారసుడు కనిపించకపోతే: పార్టిషన్ దావానా, మరణ ప్రకటన దావానా?

చిత్తూరులో వీలునామా రాయని తండ్రి పొలానికి ముగ్గురు వారసులు: తల్లి, ఇద్దరు కొడుకులు. పెళ్లికాని చిన్నవాడి ఆచూకీ లేదు. మిగతా ఇద్దరే భాగపరిష్కారం రిజిస్టర్ చేసుకుంటే అతనికి వర్తించదు.

పార్టిషన్ దావాకు, అంటే ఆస్తి పంచమని కోర్టులో వేసే దావాకు, ఏడేళ్లు ఆగక్కర్లేదు. ముందు ఇదే వేయండి. సమన్లు తిరిగొస్తే కోర్టు అనుమతితో పేపరు ప్రకటన ఇస్తారు. ఎవరికెంత భాగమో తేల్చే ప్రాథమిక డిక్రీ తర్వాత కోర్టు నియమించిన కమిషనర్ కొలిచి హద్దులు చూపిస్తారు. మీ భాగం అమ్ముకోవచ్చు, అతని భాగం మాత్రం అతనిదే.

అతని భాగం కూడా కావాలంటేనే మరణ ప్రకటన దావా, అంటే అతను చనిపోయినట్టు ప్రకటించమని కోర్టును కోరడం. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 111 ప్రకారం ఏడేళ్లుగా కబురు లేదని చూపాలి: ఎఫ్‌ఐఆర్, పోలీసు రిపోర్టు, దగ్గరి బంధువుల సాక్ష్యం. చిక్కు తేదీ దగ్గరే. చనిపోయినట్టు కోర్టు భావిస్తుంది, ఎప్పుడన్నది మీరే రుజువు చేయాలి. హిందూ కుటుంబమైతే, తండ్రి తర్వాత పోయాడని తేలితే అతని భాగమంతా తల్లికే, అన్నకు రాదు.