పర్కొలేటర్‌తో ఆరేళ్ళు: చేదు తగ్గించుకున్నాను, నూనె సంగతి తర్వాత తెలిసింది

డాలస్‌లో ఒక గరాజ్ సేల్‌లో 6 డాలర్లకు కొన్న, కాఫీ కాచే స్టీలు పర్కొలేటర్ ఇది. స్టవ్ మీద పెట్టే రకం, కరెంటుది కాదు. ఆరేళ్ళుగా దాదాపు రోజూ వాడుతున్నాను. అడుగున ‘8 కప్పులు’ అని ఉంటే చుట్టాలొచ్చినా సరిపోతుందనుకున్నాను. వీళ్ళ లెక్కలో కప్పంటే 150 మిల్లీలీటర్లే. మగ్గులతో కొలిస్తే నాలుగు, మహా అయితే ఐదు.

అడుగున నీళ్ళు, మధ్యలో సన్నటి గొట్టం, దాని పైన చిల్లుల గిన్నెలో పొడి. మరిగిన నీళ్ళు గొట్టంలోంచి ఎగదన్నుకొచ్చి పొడి మీద పడి, డికాషన్‌గా కిందికి దిగుతాయి. ఆ దిగిన డికాషనే మళ్ళీ మరిగి పైకెక్కుతుంది. మన స్టీలు ఫిల్టర్‌లో నీళ్ళు పొడిని ఒక్కసారే దాటుతాయి. ఇందులో మనం ఆపేదాకా తిరుగుతూనే ఉంటాయి. చేదంతా అక్కడే పుడుతుంది.

మొదట్లో ఊరి నుంచి తెచ్చుకున్న చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి వేసేదాన్ని. ఆ మెత్తటి పొడి చిల్లుల్లోంచి దిగిపోయి కప్పు అడుగున బురదలా పేరుకునేది. ఒకరోజైతే చిల్లులు పూడుకుపోయి పొడంతా పొంగి డికాషన్‌లో కలిసిపోయింది. అప్పుడే వచ్చిన అమ్మ ఒక గుక్క తాగి, “ఏమే, ఇది కాఫీయా, కషాయమా?” అంది. గింజలు కొని, బొంబాయి రవ్వకంటే కాస్త లావుగా ఆడించుకున్నాకే దారిలో పడింది.

ఇప్పుడు 600 మిల్లీలీటర్ల నీళ్ళకు ఆరు టేబుల్‌స్పూన్ల పొడి వేస్తున్నాను. మూత మీది గాజు గుబ్బలో మొదటి బుడగ కనపడగానే మంట బాగా తగ్గించాలి, లేదంటే నీళ్ళు తెర్లిపోతాయి. మూడు నాలుగు సెకన్లకొక బుడగ వస్తే చాలు. గుబ్బలో రంగు ముందు ఎండుగడ్డిలా, తర్వాత తేనెలా, చివరికి చింతపండు పులుసులా మారుతుంది. ఏడు నిమిషాలకు ఆపేసి, పొడి గిన్నె వెంటనే తీసేస్తాను. పది నిమిషాలు దాటితే ఎన్ని పాలు పోసినా ఆ చేదు విరగదు. పరగడుపున తాగితే నాకు ఛాతీలో మంట కూడా.

ఇక ఆరోగ్యం. కాఫీ గింజల నూనెలో ఉండే కెఫెస్టాల్, కావియోల్ చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతాయి. పేపర్ ఫిల్టర్ వాటిని చాలావరకు పట్టేస్తుంది, స్టీలు చిల్లులకు అది చేతకాదు. స్వీడన్ పరిశోధకులు 2025లో ప్రచురించిన కొలతల్లో, పొడి వేసి మరిగించిన కాఫీలో లీటరుకు 900 మిల్లీగ్రాములకు పైనే కెఫెస్టాల్ ఉంటే, పేపర్‌తో వడకట్టిన దాంట్లో 12 దాకా ఉంది. పర్కొలేటర్‌ది ఈ రెంటికీ మధ్య.

ఇవేవీ తెలియకుండానే నాలుగేళ్ళు తాగాను. రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (ఆ చెడ్డ కొలెస్ట్రాలే) 148 వచ్చాక డాక్టరమ్మ “కాఫీ ఎలా కాస్తారు?” అని అడిగితే వింతగా అనిపించింది. అప్పటి నుంచి డ్రిప్ మెషీన్ల పేపర్‌ని గుండ్రంగా కత్తిరించి, మధ్యలో గొట్టానికి చిల్లు పెట్టి, గిన్నె అడుగున వేస్తున్నాను. నాలుగు నెలలకు 131కి దిగింది. నెయ్యి కూడా తగ్గించాను కాబట్టి ఆ ఘనతంతా కాగితానికి ఇవ్వను. రుచి కొంచెం పల్చబడిన మాట నిజం. కెఫీన్ విషయానికొస్తే, పెద్దవాళ్ళకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. నేను రెండు మగ్గులతో ఆపుతాను, నిద్ర ముఖ్యం కదా.

పాలు పోసుకుని తాగేవాళ్ళకు చిక్కటి డికాషన్ కావాలంటే మన ఫిల్టరే మేలు. బ్లాక్ కాఫీ అలవాటున్నవాళ్ళు, పొద్దున్నే ఇల్లంతా కాఫీ వాసన రావాలనుకునేవాళ్ళు దీన్ని కొనుక్కోవచ్చు. కడగడమే తలనొప్పి. గొట్టం లోపల జిడ్డు పేరుకుంటే మర్నాటి కాఫీకి మక్కు వాసన వస్తుంది, మామూలు బ్రష్ అందులో దూరదు. స్ట్రాలు కడిగే సన్న బ్రష్ కొన్నాను. దాని ధర 7 డాలర్లు, పర్కొలేటర్‌కంటే ఒక డాలరు ఎక్కువ.