నాలుగున్నరేళ్ళు, 78 వేల కిలోమీటర్లు తిప్పాక చెప్తున్నా: మిడ్‌సైజ్ ఎస్‌యూవీ కొనొచ్చా?

మా బావమరిది మూడు నెలల్నుంచి ఒకటే గోల, బావా మిడ్‌సైజ్ తీసుకోనా, నాలుగు మీటర్లలోపు చిన్న ఎస్‌యూవీ తీసుకోనా అని. ఫోన్లో చెప్తే సగం వింటాడు సగం వినడు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఇదే ఊగిసలాటలో ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తది. నా బండి పేరు మాత్రం చెప్పను. చెప్పగానే ఆ కంపెనీ గొప్పా ఈ కంపెనీ గొప్పా అని మొదలైపోద్ది, అసలు సంగతి మూలకి పోద్ది. ఈ సైజు బండ్లన్నీ అటూ ఇటూగా ఒకటే కొలతలు, 4.2 నుంచి 4.4 మీటర్ల మధ్య పొడవు, అందుకని నేను చెప్పేవాటిల్లో ముప్పాతిక అన్నింటికీ వర్తిస్తది.

నాది డీజిల్, మాన్యువల్ గేరు, టాప్ కన్నా ఒక మెట్టు కింద వేరియంట్, నల్ల రంగు (రంగు సంగతి తర్వాత ఏడుస్తా). 2021 ఫిబ్రవరిలో బుక్ చేస్తే మే నెలలో ఇస్తాం అన్నారు, అప్పుడు ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత, ఆ వెంటనే కరోనా సెకండ్ వేవ్ లాక్‌డౌన్, చివరికి జూలైలో చేతికొచ్చింది. ఎక్స్ షోరూమ్ 13.8 లక్షలు, రోడ్డు మీదకొచ్చేసరికి 16.7. అప్పటికి తెలంగాణలో 10 లక్షలు దాటిన బండికి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 2022లో దాన్ని 17 చేశారు, అంటే అదే ధర బండికి ఆ ఒక్క పెంపుతోనే 41 వేలు ఎక్కువైంది. షోరూమ్ వాడు హ్యాండ్లింగ్ చార్జీలని ఒకటి, యాక్సెసరీల కిట్ అని ఒకటి కలిపి కొటేషన్ ఇచ్చాడు, ఇన్సూరెన్స్ కూడా మా దగ్గరే తీసుకోవాలన్నాడు. అలాంటి రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి టేబుల్ మీద పెడితే 19 వేలు తగ్గించాడు. సిగ్గుపడకుండా అడగండి.

ఇంతకుముందు మాకు తొమ్మిదేళ్ళు హ్యాచ్‌బ్యాక్ ఉండేది, మంచి బండే, కూకట్‌పల్లి సందుల్లో దాన్ని మించింది లేదు. మార్చడానికి అసలు కారణం మా అమ్మ మోకాళ్ళు. ఊరెళ్ళి దిగేటప్పుడు ఒక చెయ్యి డోర్ పట్టుకుని, ఇంకో చెయ్యి నాకిచ్చి, రెండుసార్లు ఊగి మూడోసారికి లేచేది, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఈ బండికి సీటు ఎత్తు సరిగ్గా ఆవిడ నడుం దగ్గరికొస్తది, పక్కకి తిరిగి ఒరిగితే చాలు సీట్లో ఉంటది, దిగేటప్పుడు కాళ్ళు కిందపెట్టి లేచి నించుంటది, అంతే. పెద్ద ఎస్‌యూవీ కూడా చూశాం, దానికి ఫుట్‌బోర్డ్ ఎక్కాలి, అది ఆవిడకి ఇంకో నరకం. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే యూట్యూబ్ రివ్యూలు ఎన్ని చూసినా చూడండి గానీ, టెస్ట్ డ్రైవ్‌కి వాళ్ళని తీసుకెళ్ళి నాలుగుసార్లు ఎక్కించి దించండి. మేం అలా చేసే ఈ బండి కొన్నాం, ఈ నాలుగున్నరేళ్ళలో ఆ ఒక్క విషయంలో ఏ రోజూ అయ్యో అనుకోలేదు.

మా రూటు చెప్తా. నెలకి ఒకటి రెండుసార్లు సత్తెనపల్లి దగ్గర మా ఊరికి, దాదాపు 240 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దాటి నార్కట్‌పల్లి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కుడికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ళ. ఆ రోడ్డు మీద బండి రాజా. 90, 100 మీద ఇంజిన్ 2000 ఆర్‌పీఎమ్ దాటకుండా గుర్రుమంటా పోతది, లారీని దాటాలంటే గేరు తగ్గించే పని కూడా పెద్దగా ఉండదు. వెనక ముగ్గురు కూర్చుంటారు, పిల్లలిద్దరూ మధ్యలో అమ్మ అయితే హాయిగా, ముగ్గురూ పెద్దవాళ్ళయితే మధ్యలో ఉన్నాయన మిర్యాలగూడ రాకముందే టీ తాగుదామంటాడు, అర్థమైందిగా. డిక్కీలో వచ్చేటప్పుడు పాతిక కేజీల బియ్యం బస్తాలు రెండు, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు, మా నాన్న బలవంతంగా పెట్టే గుమ్మడికాయ, మా సూట్‌కేసులు అన్నీ పడతయ్. హ్యాచ్‌బ్యాక్‌లో జాడీ మా ఆవిడ ఒళ్ళో ఉండేది.

మైలేజ్: ట్యాంకు నిండా కొట్టించి మళ్ళీ నిండా కొట్టించి లెక్కేస్తే హైవే 19 నుంచి 20, సిటీలో 13. మీటర్ ఎప్పుడూ ఒకటి ఒకటిన్నర ఎక్కువే చూపిస్తది, నమ్మకండి. మొత్తం మీద 16.5 వచ్చింది. 2024 మార్చిలో రెండ్రూపాయలు తగ్గించాక కూడా హైదరాబాద్‌లో లీటర్ డీజిల్ 95.65 ఉండేది, ఆ లెక్కన కిలోమీటర్‌కి ఆరు రూపాయల దగ్గర. సర్వీసులన్నీ కలిపి 68 వేలు, 52 వేల కిలోమీటర్లకి టైర్లు నాలుగూ మార్చా, 42 వేలు. ఈ టైర్ల ఖర్చు కొనేటప్పుడు ఎవడూ చెప్పడు. 17 ఇంచుల అల్లాయ్ చూడ్డానికి బాగుంటది, 16 అయితే టైరు చవక, గుంటల్లో కూడా కాస్త మెత్తగా పోతది.

ఇక తిట్లు. మొదటిది డీపీఎఫ్. బీఎస్ 6 (అదే, కొత్త పొగ రూలు) డీజిల్ దేనికైనా ఉంటది, పొగలో మసి బయటికి రాకుండా పట్టే ఫిల్టర్, అది నిండాక బండి కాసేపు ఒకే వేగంతో నడిస్తే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోద్ది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న ఏడాది నా బండి రోజూ స్కూలుకి మూడు కిలోమీటర్లు, కూరగాయలకి రెండు, అంతే తిరిగింది. ఒకరోజు డ్యాష్‌బోర్డ్‌లో లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్లో ఫోర్స్‌డ్ రీజనరేషన్, అంటే ఆ మసిని వాళ్ళే కాల్చేయడం అని చెప్పి ఆరు వేలు అన్నారు. మా సందులో మెకానిక్కేమో సార్ ముందు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గేరు ఒకటి తగ్గించి అరగంట ఆపకుండా తోలండి, లైటు పోకపోతే అప్పుడు డబ్బులు పెట్టండి అన్నాడు. పటాన్‌చెరు దగ్గర ఎక్కి శంషాబాద్ దాకా పోయొచ్చా, లైటు పోయింది. కాబట్టి మీ వాడకం సిటీలో పది కిలోమీటర్ల లోపయితే డీజిల్ జోలికి పోకండి, పెట్రోలో, బడ్జెట్ ఉంటే స్ట్రాంగ్ హైబ్రిడో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా నడిపేది) చూస్కోండి. గ్రాండ్ విటారా, హైరైడర్‌లో ఆ హైబ్రిడ్ 2022 నుంచే ఉంది, ట్రాఫిక్‌లో నిజంగా మిగులుద్ది, కాకపోతే బ్యాటరీ డిక్కీ కింద ఉండటం వల్ల సామాన్ల చోటు తగ్గుద్ది, ఆవకాయ బ్యాచ్ ఆలోచించుకోవాలి.

రెండోది, ఎస్‌యూవీ అనే పేరు. పేరు చూసి నేను మోసపోయా, ఒప్పుకుంటున్నా. రెండేళ్ళ కింద వాన పడ్డ మర్నాడు నాన్న మిరప కల్లం దాకా పోదాం రా అంటే బండిలోనే పోయా, నల్లరేగడి, ఇరవై గజాలు పోగానే ముందు చక్రాలు బంకమట్టిలో గిర్రున తిరగడం తప్ప బండి కదల్లేదు. ఇది ముందు చక్రాలతో నడిచే బండే కదా, ఎత్తుగా ఉన్న హ్యాచ్‌బ్యాక్ అనుకోండి. పక్క చేనాయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు, లాగుతా లాగుతా "ఎంతయిందేంది బండి?" అని అడిగాడు. పదహారున్నర అన్నా. ఆయనేం మాట్లాడలా, ట్రాక్టర్ వైపు ఒకసారి చూసి నవ్వాడు. గుంటలు, స్పీడ్ బ్రేకర్లు, ఊరి సిమెంటు రోడ్డు చివర తెగిపోయిన చోట్లు, వీటికి 190 మిల్లీమీటర్ల క్లియరెన్స్ (నేలకీ బండి అడుక్కీ మధ్య ఎడం) బంగారం. బురదకి మాత్రం కాదు.

సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కి పోయా, పిల్లలు గొడవ చేస్తే. మొదటి నెలంతా తెరిచాం, తర్వాత మహా అయితే ఆరుసార్లు. మే నెలలో పల్నాడు ఎండకి దాని కింద పరదా కూడా కాల్తది. పిల్లోడు అందులోంచి తల బయటపెట్టి నించుంటానని ఏడుపు, వద్దని మేం అరుపు. ఆ డబ్బుకి ఎయిర్‌బ్యాగులు ఎక్కువొస్తే బాగుండేది. నా వేరియంట్‌లో రెండే ఉన్నయ్, అప్పట్లో ఆరు కావాలంటే టాప్ తీసుకోవాల్సిందే, ఇప్పుడు ఈ సైజు బండ్లలో చాలావరకు కింది వేరియంట్‌లోనే ఆరు ఇస్తున్నారు, 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్ట్ రేటింగ్ కూడా ఉంది. నాకున్న అసలు బాధ ఏదైనా ఉంటే ఇదే, అమ్మని వెనక కూర్చోబెట్టుకుని సన్‌రూఫ్‌కి డబ్బులు కట్టా.

శ్రీశైలం ఘాట్‌లో బాగా ఊగుద్ది, ఎత్తు బండి కదా, రాత్రి 9కి మన్ననూరు చెక్‌పోస్ట్ మూసేస్తారని ఒకసారి కాస్త తొందరగా తోలా, మా ఆవిడా చిన్నదీ ఇద్దరూ వాంతులు. నిదానంగా పోవాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మా స్లాట్ రెండు పిల్లర్ల మధ్య, డ్రైవర్ పక్క డోర్ సగమే తెరుచుకుంటది, బక్కగా ఉన్నా కాబట్టి సరిపోయింది. కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.

ఇప్పుడు డబ్బుల సంగతి, ఎందుకంటే 2025 సెప్టెంబర్ 22 తర్వాత జీఎస్టీ లెక్క మారింది. అంతకుముందు నాలుగు మీటర్లలోపు చిన్న పెట్రోల్ బండి మీద సెస్సుతో కలిపి 29 శాతం, 1.5 లీటర్ మిడ్‌సైజ్ మీద 45. ఇప్పుడు చిన్నదానికి 18, దీనికి 40. రెండూ తగ్గినయ్, కానీ చిన్నది పదకొండు తగ్గితే ఇది ఐదే తగ్గింది, మధ్యలో ఎడం పెరిగింది. మా బావమరిది నెలకి ఊరెళ్ళేది లేదు, ఇంట్లో ముగ్గురే, ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు. నువ్వు చిన్నది తీసుకో, మిగిలిన మూడు నాలుగు లక్షలు బ్యాంకులో వేసుకో అనే చెప్పేవాణ్ణి. కానీ మొన్న సంక్రాంతికి వాళ్ళ అత్తగారు తుంటి ఆపరేషన్ తర్వాత ఇక వీళ్ళ దగ్గరే ఉంటుందని తెలిసింది. అయితే ఆవిణ్ణి తీసుకెళ్ళి రెండు షోరూముల్లోనూ ఎక్కించి దించు, పెట్రోల్‌ది తీసుకో, సన్‌రూఫ్ లేని వేరియంట్ అడుగు, ఆవిడ చిన్నదాంట్లోనే సుళువుగా ఎక్కితే అదే కొనెయ్ అన్నా.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఎక్కించాడట, మిడ్‌సైజ్‌దే బాగుందన్నదట. రంగు నలుపు అనుకుంటున్నా బావా, నీ బండి లాగా అన్నాడు. నా బండి పిడుగురాళ్ళ సున్నపు బట్టీల మీదుగా వచ్చి ఇప్పుడు కింద పార్కింగ్‌లో ఉంది, పోయి చూస్కో, నల్లగా ఎక్కడన్నా కనపడితే అప్పుడు కొను అన్నా.